సెప్టెంబర్ 17 మీద డాక్యుమెంటరీ: కెమెరా చెప్పేవాళ్ళ మీదేనా, వినేవాళ్ళ మీద కూడానా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: జనగామ దగ్గర మీ ఊళ్ళో రజాకార్ల (నిజాం పక్షాన ఊళ్ళ మీద పడ్డ ఖాసిం రజ్వీ ప్రైవేటు సేన) కాలం కథలు వింటూ పెరిగారు. 1948 సెప్టెంబర్ 17న నిజాం హైదరాబాద్ సంస్థానం భారత సైన్యానికి తలవంచింది కదా, ఇప్పుడు ప్రతి సెప్టెంబర్‌లో ఆ రోజును ఏమని పిలవాలన్న దాని మీద మీ ఫ్యామిలీ గ్రూపులో విమోచనమా, విలీనమా, విద్రోహమా అని బాబాయిలూ బావలూ మాటలు మానేసేదాకా పోతున్నారు. ఈ రెండూ కలిపి గంట డాక్యుమెంటరీ తీయాలని మీకుంది. మొదటి అరగంట 1948, రెండో అరగంట వాట్సాప్. "ఏ పక్షమూ తీసుకోకుండా, ఎవరినీ నొప్పించకుండా ఎలా తీయాలి?" అని అడిగారు.

పద్దెనిమిదేళ్ళుగా నా తిండి ఈ పనితోనే, అందులో సగానికి పైగా ఎడిటింగ్ టేబుల్ దగ్గరే. అందుకని నచ్చని మాట ముందే చెప్పేస్తా. ఆ అరగంట-అరగంట ప్లాన్ వదిలేయండి. అలా తీస్తే మొదటి భాగం పాత ఫోటోల మీద బరువైన గొంతుతో కామెంటరీ, మధ్యలో ఇద్దరు ప్రొఫెసర్లు అవుతుంది. రెండో భాగం స్క్రీన్‌షాట్ల వరస. చూసేవాడు మొదటి భాగంలో నిద్రపోతాడు, రెండో భాగంలో తన పార్టీ వాడెక్కడున్నాడా అని వెతుక్కుంటాడు. ఆ రోజుల గురించి ఇవాళ ఒక మనిషి నోరు విప్పడం, విప్పకపోవడం కూడా ఇప్పటి ప్రవర్తనే. మీరనుకునే రెండు సినిమాలూ ఒకే షాట్‌లో ఉంటాయి, ఫ్రేమ్ కొంచెం వెడల్పుగా పెడితే.

పాత నల్లగొండ జిల్లాలో ఒక ఊరు, పేరు వద్దు. తొంభైకి దగ్గరపడ్డ పెద్దాయన్ని అరుగు మీద కూర్చోబెట్టాం. వెనక కొడుకు నిలబడ్డాడు, ఎదురుగా ఓ ఇరవై మంది. "రజాకార్లు వచ్చిండ్రు, గడ్డివాములు కాలవెట్టిండ్రు, మేం గుట్టల్లకు ఉరికినం" అని ఎక్కడా ఆగకుండా చెప్పాడాయన. మంచి బైటు దొరికిందని సంబరపడి సర్దేసుకున్నాం. మర్నాడు పొద్దున ట్రైపాడ్ ప్లేటు మర్చిపోయానని వెనక్కెళ్తే, ఆయన ఒక్కడే వాకిట్లో చింతపండు గింజ తీస్తున్నాడు. నేనూ పక్కన కూర్చుని నాలుగు కాయలు ఒలిచా. కాసేపటికి ఆయనే అన్నాడు: "నిన్న చెప్పిన గడ్డివాము మాది గాదు బిడ్డా. మాది కాలవెట్టింది దొర మనుషులు. రజాకార్లు ఆ తర్వాత రెండు నెలలకొచ్చిండ్రు." మరి నిన్నెందుకు చెప్పలేదని నేను అడగలేదు. ఆ దొర మనవడు నిన్న మా ఎదురుగానే కూర్చున్నాడు. మాకు ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించిందీ, మధ్యాహ్నం అన్నం పెట్టించిందీ ఆయనే.

ఆ రోజు మా కెమెరాలో ఉన్నది పెద్దాయన ముఖం క్లోజప్ మాత్రమే. ఆ ఇరవై మందిలో ఒక్కడూ ఫ్రేమ్‌లో లేడు. ఒక వైడ్ షాట్ తీసుంటే ఆ ఊరి కథ మొత్తం అందులో ఉండేది. అప్పట్నుంచీ నా పద్ధతి ఒకటే. ఎవరు చెబుతున్నా మొదటి రోజు వెడల్పుగా, వినేవాళ్ళతో సహా తీస్తా. రెండో రోజో మూడో రోజో ఆ మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు, ఆయన చేతిలో ఏదో పని ఉన్నప్పుడు మళ్ళీ వెళ్తా. రెండుసార్లూ ఒకటే చెబితే సరే. వేర్వేరుగా చెబితే, ఆ మనిషికి ముప్పు లేదనుకుంటే, రెండూ సినిమాలో పెడతా, పక్కపక్కనే.

"అంటే ఎవరి నిజం వాళ్ళదని వదిలేయమంటారా?" అని మీరు అడగొచ్చు. కాదు. సరిచూడగలిగినవన్నీ సరిచూడాలి, అదీ మొండిగా. సూర్యాపేట రోడ్డు మీద ఉన్న ఊళ్ళో ఒకావిడ నాకు చెప్పింది: "మిలిట్రీ వచ్చిన నాత్రి మస్తు ఎన్నెల. మా అవ్వ దీపం ఆర్పింది. ఆర్పితే ఏం ఫాయిదా, సూది కింద పడ్డా దొరికేటట్టుండె. పెత్రమాస ఇంక పదిహేను దినాలుండె." పెత్రమాస అంటే భాద్రపద అమావాస్య. ఆవిడకు తారీఖు తెలియదు, సంవత్సరం తెలియదు. వచ్చి సర్వధారి నామ సంవత్సరం పంచాంగం తిరగేశా. 1948లో భాద్రపద పౌర్ణమి సెప్టెంబర్ 18న. యూనియన్ సైన్యం, అంటే భారత సైన్యం, 13న బయల్దేరి, బెజవాడ వైపు నుంచి మునగాల, సూర్యాపేట మీదుగా కదిలింది. 17న నిజాం రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ సికింద్రాబాద్‌లో యూనియన్ సైన్యం మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయాడు. ఆవిడ వెన్నెల అక్షరాలా నిలబడింది. అదే ఊళ్ళో ఒక రిటైర్డ్ టీచర్ తారీఖులతో సహా గడగడా చెప్పాడు. సగం తప్పులు. అన్నీ ఎక్కడో చదివి కంఠతా పట్టినవి. చదువుకున్న సాక్షిని తేలిగ్గా నమ్మేయడం మన వృత్తిరోగం, జాగ్రత్త.

పల్లెల్లో ఇంకో చిక్కుంది. "రజాకార్లు" అన్న ఒక్క మాటలోకి నిజాం పోలీసులూ, దేశ్‌ముఖ్‌ల (పెద్ద భూస్వాముల) గూండాలూ, ఖాసిం రజ్వీ మనుషులూ, ఒక్కోసారి 1948 తర్వాత కమ్యూనిస్టుల కోసం ఊళ్ళ మీద పడ్డ మిలిట్రీ కూడా దూరిపోతారు. ఎవరైనా ఆ మాట అనగానే, "వాళ్ళు ఏం బట్టలేసుకున్నరు? ఏ భాష మాట్లాడిండ్రు? నడిచొచ్చిండ్రా, లారీలొచ్చిండ్రా? అప్పుడు చేన్ల ఏముండె?" అని అడగండి. జొన్న చేను నిలువెత్తున్నదంటే ఒక కాలం, కోతలైపోయాయంటే ఇంకో కాలం. అభిప్రాయం అడిగితే పార్టీ మాట వస్తుంది. చేను గురించి అడిగితే జ్ఞాపకం వస్తుంది.

పేర్ల గొడవకొద్దాం. మీరు దీన్ని తీర్చబోతే మునిగిపోతారు, తీర్చకుండా చూపిస్తే అదే మీ సినిమాకు వెన్నెముక. ఆ నాలుగైదు రోజుల సైనిక చర్యకు "పోలీసు చర్య" అని పేరు పెట్టడమే మొదటి రాజకీయం. హైదరాబాద్ సంస్థానం అప్పటికే ఐక్యరాజ్యసమితి భద్రతామండలి తలుపు తట్టింది, ఢిల్లీకి అది ఇంటి వ్యవహారంగా కనిపించాలి. రజాకార్ల దెబ్బ తిన్నవాళ్ళకూ, స్టేట్ కాంగ్రెస్ వాళ్ళలో చాలామందికీ అది విమోచనం. సైన్యం వచ్చాక కూడా 1951 అక్టోబర్‌లో సాయుధ పోరాటం విరమించేదాకా తూటాలు తిన్న కమ్యూనిస్టుల్లో కొందరికి విద్రోహం. పాతబస్తీలో పెద్దవాళ్ళు ఉర్దూలో సుకూతె హైదరాబాద్ అంటారు, హైదరాబాద్ పతనం అని. 2022లో కేంద్రం సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో విమోచన దినం జరిపితే, రాష్ట్ర ప్రభుత్వం పబ్లిక్ గార్డెన్స్‌లో జాతీయ సమైక్యతా దినం జరిపింది. రాష్ట్రంలో ప్రభుత్వం మారాక, 2024లో అదే రోజు ప్రజాపాలన దినోత్సవం అయింది. మూడు యూనిట్లు పెట్టుకుని ఒకే ఉదయం ఏడు నుంచి పదకొండు దాకా ఈ జెండాలన్నీ తీయండి. నాయకుల ఉపన్యాసాలు వద్దు, అవి టీవీలో దొరుకుతాయి. జెండా తాడు ముడి విప్పేవాడు, కుర్చీలు వేసేవాడు, బస్సులో వచ్చిన స్కూలు పిల్లలు. "ఇవాళ ఏం రోజు?" అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోండి.

ఇక మన తెలుగు డాక్యుమెంటరీలు వరసగా బోల్తా పడే చోటు ఒకటుంది. ఇప్పటి తెలంగాణ మ్యాప్ వేసుకుని 1948 కథ చెప్పేస్తాం. హైదరాబాద్ సంస్థానంలో పదహారు జిల్లాలు. ఎనిమిది తెలుగువి, అయిదు మరాఠీవి, మూడు కన్నడవి. ఖాసిం రజ్వీది లాతూర్, అప్పట్లో ఉస్మానాబాద్ జిల్లా. సైన్యం వచ్చినప్పుడూ, వచ్చాకా ముస్లింల మీద జరిగిన హింసను చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం 1948 చివర్లో తిరిగి నివేదిక ఇచ్చింది. తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని అందులో రాసింది. దాన్ని ప్రభుత్వం ప్రచురించలేదు, దశాబ్దాల పాటు అది జనానికి అందుబాటులో లేదు. అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తిన్నాయని ఆ బృందం చెప్పిన నాలుగు జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. ఒక్కటీ తెలుగు జిల్లా కాదు. అంటే జనగామ దగ్గర మీ ఊళ్ళో నిలబడి "ఇక్కడ అలాంటిదేం జరగలే" అని ఒకాయన చెబితే అది అబద్ధం కాకపోవచ్చు. కానీ మీ సినిమా ఆ మాట దగ్గర ఆగిపోతే అబద్ధమవుతుంది. బీదర్‌కి ఒక్కసారైనా వెళ్ళండి, జహీరాబాద్ దాటితే వచ్చేస్తుంది. సెప్టెంబర్ 17న కన్నడ వైపూ, మరాఠ్వాడాలోనూ కూడా జెండా ఎగురుతుంది. అక్కడివాళ్ళ గొడవలు అక్కడున్నాయి.

ఇప్పుడు మీ "ఏ పక్షమూ తీసుకోకుండా" దగ్గరికి. బైరాన్‌పల్లి బురుజు చూసే ఉంటారు, మీకు దూరం కాదు. 1948 ఆగస్టు 27న రజాకార్లూ నిజాం బలగాలూ ఆ ఊరి మీద పడ్డాయి. చనిపోయినవాళ్ళ లెక్క 96 అని ఒకచోట, 118 అని ఇంకోచోట కనిపిస్తుంది. దీన్ని ఒక తక్కెడలో, ఉస్మానాబాద్‌ను ఇంకో తక్కెడలో పెట్టి, ఇద్దరికీ చెరో పన్నెండు నిమిషాలిచ్చి సమన్యాయం చేశానని అనుకుంటే రెండు ఊళ్ళకూ అన్యాయం చేసినట్టే. బైరాన్‌పల్లిలో చచ్చిపోయిన రైతు బీదర్‌లో చచ్చిపోయిన నేతగాడికి జవాబు కాదు. దేని కథ దానికి పూర్తిగా చెప్పండి. ఒకదాని చివర "కానీ" అని రెండోది మొదలుపెట్టొద్దు. ఆ ఒక్క మాట కోసం మా సినిమాలో కామెంటరీ మూడుసార్లు తిరగరాశాం. "కానీ" తీసేసి ఊరి పేరు, తారీఖు మాత్రమే ఉంచితే అంతా కుదుటపడింది. సుందర్‌లాల్ నివేదికలోనే పొరుగు ముస్లింలను కాపాడిన హిందువుల ప్రస్తావన ఉంది, దోపిడీలో కలిసిన సైనికులూ పోలీసుల ప్రస్తావనా ఉంది. ఇటు వైపు ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ఉన్నాడు. రజాకార్లకు వ్యతిరేకంగా రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాద్ నడివీధిలో చంపేశారు. ఇలాంటి మనుషులు కథలోకి రాగానే రెండు వైపులున్న బొమ్మ దానంతటదే చెదిరిపోతుంది. మీరు కష్టపడి బ్యాలెన్స్ చేయక్కర్లేదు.

ఎవరినీ నొప్పించకుండా తీయడం మాత్రం కుదరదు. అది మానేసి, ఎవరికీ హాని జరగకుండా తీయడం మీద ఆ శ్రద్ధ పెట్టండి. రెండూ వేరు.

ఇది నేను నేర్చుకున్న తీరు చెప్పుకోవడానికి ఇప్పటికీ బాగుండదు. ఒక పాత సినిమాలో ఒకావిడ, తన చిన్నప్పుడు ఊళ్ళో ఒక సాయిబు కుటుంబాన్ని ఎవరు తరిమేశారో చెప్పింది. ఆ వెంటనే, తన తల్లి ఆ పిల్లల్ని రెండు రాత్రులు గరిసె వెనక దాచిందని కూడా చెప్పింది. నేను ఎడిటింగ్‌లో మొదటి మాట ఒక షాట్‌లో, రెండోది కట్ చేసి ఇంకో యాంగిల్‌లో పెట్టాను. ఎవరో మొదటి నలభై సెకన్లు మాత్రం కత్తిరించి గ్రూపుల్లో వదిలారు. పంచాయతీ ఎన్నికలకు ముందు. ఆవిడ మనవడు వార్డు మెంబరుగా నిలబడి ఉన్నాడు. ఊరి బావి దగ్గర ఆవిణ్ణి అన్న మాటలు ఆవిడే నాకు ఫోన్ చేసి చెప్పింది. తిట్టలేదు, అదే ఎక్కువ బాధ. ఇప్పుడు నా టేబుల్ మీద ఒక రూల్ ఉంది. నిందా, దాని సందర్భమూ ఒకే షాట్‌లో, కట్ లేకుండా, ఒకే ఊపిరిలో ఉండాలి. ఏ నలభై సెకన్లు కోసుకుపోయినా మనిషి మొత్తం దాంతో పాటు పోవాలి. అలా కుదరకపోతే ఆ మాట ఎంత గొప్పదైనా వదిలేస్తా. ముఖం బ్లర్ చేస్తే సరిపోతుందనుకోకండి, ఊళ్ళో గొంతు విని, వెనకున్న గూన కప్పు చూసి పట్టేస్తారు. సంతకం షూటింగ్ రోజు ఒకసారి, ఫైనల్ ఎడిట్ ట్యాబ్‌లో చూపించాక ఇంకోసారి తీసుకోండి. రెండోసారి వద్దన్నవాళ్ళు నాకు ఇప్పటికి నలుగురున్నారు. తీసేశా.

వాట్సాప్ భాగానికి స్క్రీన్‌షాట్లు వాడకండి. నంబర్లు, డీపీలు, గోప్యత గొడవ అటుంచి, తెర మీద చదవబుద్ధి కాదు. దాని బదులు ఫార్వర్డ్ పంపిన మనిషినే కూర్చోబెట్టి, కెమెరా ముందు ఆ మెసేజ్‌ను గట్టిగా చదవమనండి. అంతే. బొటనవేలితో పంపినప్పుడు లేని బరువు నోటితో చదివినప్పుడు వస్తుంది. మా వాళ్ళలో ఒకాయన, బ్యాంకులో పని చేసి రిటైరయ్యాడు, మూడో లైనుకి గొంతు తగ్గించాడు. వంటింట్లో పనిమనిషి ఉంది, ఆమె ముస్లిం. చదవడం ఆపి, "ఇది పిల్లలెవరో పంపారండీ" అన్నాడు. ఎవరు పంపారని వెనక్కి వెళ్తే, ఆయన మేనల్లుడు, అతనికి న్యూజెర్సీలో ఒక తెలుగు గ్రూపు, అక్కణ్ణుంచి ముందుకి దారి లేదు. ఆ గొలుసు వెంట పోవడమే పది నిమిషాల సినిమా అయింది. మీ బాబాయిలతో కూడా ఇది చేయొచ్చు, కాకపోతే ఒకేసారి ఇద్దర్నీ కూర్చోబెట్టకండి.

ఆ గ్రూపుల్లో ఏటా తిరిగే ఒక ఫోటో ఉంటుంది. నిజాం చేతులు జోడించి సర్దార్ పటేల్ ఎదుట నిలబడ్డది, కింద "1948 సెప్టెంబర్ 17, లొంగుబాటు" అని. అది 1949 ఫిబ్రవరిలో పటేల్ హైదరాబాద్ వచ్చినప్పుడు బేగంపేట విమానాశ్రయంలో తీసింది. లొంగిపోయింది ఎల్ ఎద్రూస్, ఆ ఫోటో వేరే. మీరు గనక ఆ బేగంపేట ఫోటోను 17వ తేదీ మాటల మీద వేశారా, మీ బాబాయికీ మీకూ తేడా లేదు. నా సలహా, తెర మీద వచ్చే ప్రతి పాత బొమ్మ కింద అది ఎప్పుడు, ఎక్కడ తీసిందో వేయండి, తెలియకపోతే ఆ బొమ్మ వాడకండి. పొగలో గుర్రాలు పరుగెత్తే రీఎనాక్ట్‌మెంట్లూ, ఏఐతో చేసిన రజాకార్ బొమ్మలూ వద్దే వద్దు. మీ యూట్యూబ్ వీడియోలోంచి రేపు అవే "అసలు ఫోటోలు"గా బయల్దేరతాయి.

కాగితాల కోసం తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కి వెళ్ళండి. ఉర్దూ చదివే మనిషిని వెంటబెట్టుకోండి, నిజాం కాలం ఫైళ్ళు ఉర్దూలో ఉంటాయి, ఇంకా పాతవి ఫార్సీలో. తేదీలు ఆజుర్, దై, బహ్మన్ అని ఫసలీలో (నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్క) కనిపిస్తే కంగారు పడకండి, ఫసలీ సంవత్సరానికి ఇంచుమించు 590 కలుపుకోవాలి. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పాత తెలుగు పత్రికలు చూడొచ్చు. రెండు చోట్లా కెమెరాకు ముందే అనుమతి అడగండి.

చట్టం గురించి అడిగారు, క్లుప్తంగా. హాల్లో జనానికి వేయాలంటే డాక్యుమెంటరీకి కూడా 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. యూట్యూబ్‌లో పెట్టుకోవడానికి అక్కర్లేదు, కానీ వర్గాల మధ్య వైరం రెచ్చగొట్టడం మీద భారతీయ న్యాయ సంహిత 196, మత భావాలను గాయపరచడం మీద 299 అక్కడా వర్తిస్తాయి. చనిపోయిన దొర పేరు చెబితే పరువు నష్టం లేదనుకోవద్దు, కుటుంబాన్ని నొప్పించేందుకే అన్నారని తేలితే అదీ నేరమే. ఫైనల్ కట్‌ను ఒక లాయర్‌కు చూపించడం మీ బడ్జెట్‌లో కలుపుకోండి. డ్రోన్ డబ్బులు అటు మళ్ళించండి, బురుజును పైనుంచి చూస్తే ఏం తెలియదు.

ఇక చివరిది. 1948లో పదేళ్ళున్న మీ నాయనమ్మ ఇంకా ఉన్నారనీ, మొదటి ఇంటర్వ్యూ ఆవిడదేననీ రాశారు. మీరు మాత్రం చేయకండి. మీకు చిన్నప్పట్నుంచీ చెప్పిన కథే ఆవిడ మళ్ళీ చెబుతారు, అవే చోట్ల ఆగుతారు, ఎందుకంటే ఎదురుగా ఉన్నది మనవడు. వాడకట్టులో ఆవిడకు చనువున్న ఏ కోడలో, ఆవిడతో పాటు నాట్లకు పోయిన మనిషో ఉంటే, రికార్డర్ వాళ్ళ చేతికిచ్చి లోపలికి పంపండి, ఆవిడకు ముందే చెప్పి. మీరు వాకిట్లో కుర్చీ వేసుకుని, మీ నాన్నగారూ బాబాయిలూ ఆ గంటసేపు లోపలికి పోకుండా చూసుకోండి. ఆ పని ఎవరో ఒకరు చేయాలి.